పిడుదు జ్వరం ఎవరి శాఖ?

పార్లమెంటులో ఏ వ్యాధిని గూర్చి ప్రశ్న వేసినా ఆరోగ్యశాఖ సమాధానంలో ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది: ప్రజారోగ్యం రాష్ట్రాల విషయం. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, రాష్ట్ర జాబితాలోని 6వ అంశం ఆ మాటకు ఆధారం. కాని అదే షెడ్యూలు ఉమ్మడి జాబితాలో 29వ అంశమూ ఉన్నది. మనుషులను, పశువులను, మొక్కలను బాధించే అంటురోగాలు, పురుగులు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పాకకుండ చూడడం దాని పరిధి. ఈ అంశాన్ని జ్ఞాపకం చేసేవారు సభలో అరుదు.

కుక్కలను, పశువులను పట్టి పీడించే పిడుదు కొన్ని చోట్ల మనిషికి రికెట్సియా అనే సూక్ష్మజీవిని అంటిస్తుంది. మోంటానా లోయల్లో పిడుదు జ్వరాన్ని పరిశోధించి, అదే తెగకు చెందిన టైఫస్ జ్వరంతో 1910లో మెక్సికోలో మరణించిన అమెరికన్ వైద్యుడు రికెట్స్ పేరు దానికి పెట్టారు. మన దేశంలో ఇది నిన్న మొన్న పుట్టిన రోగం కాదు. పిడుదుల వల్ల రావచ్చునని తోచే టైఫస్ వంటి జ్వరాన్ని గూర్చి మెగా అనే వైద్యాధికారి 1921లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్రాశాడు. దీనికి దాయాది స్క్రబ్ టైఫస్. దానిని తెచ్చేది పిడుదు కాదు, పొదల్లో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగాన సైనికులను మంచాన పడవేసినది అదే. 2025 చివరి నెలల్లో చిత్తూరు మొదలు విజయనగరం వరకు ఆంధ్రలో కలవరం కలిగించినదీ అదే.

విచిత్రమేమంటే, ఈ రెండింటికీ డాక్సీసైక్లిన్ అనే చౌక మాత్ర చాలు. అది అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్నది. సకాలంలో పడితే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. పెన్సిలిన్ తరగతి మందులు ఎన్ని పొడిచినా ప్రయోజనం లేదు. పరీక్ష ఫలితం కోసం కాచుకోకుండ, అనుమానం కలిగిన వెంటనే మందు మొదలుపెట్టమని భారత వైద్య పరిశోధనా మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా టైఫాయిడ్ అనో డెంగీ అనో వారం గడిపి, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిన్నాక పెద్దాసుపత్రికి తెచ్చే కేసులకు లోటు లేదు. గోరఖ్‌పూర్‌లో పిల్లల మెదడువాపులో గణనీయమైన భాగానికి స్క్రబ్ టైఫస్ కారణమని తేలేసరికి ఎన్ని ఏళ్లు పట్టిందో, ఎన్ని సభా సమావేశాలు గడిచాయో!

ఇక ఖరగ్‌పూర్ సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారు అక్కడి వర్క్‌షాపుకు వెళ్లి స్థిరపడ్డారు. తాల్‌బగీచా అంటే తాటితోట. పేరు బెంగాలీదైనా అలాంటి పేటలలో తెలుగు మాట వినవస్తుంది. తాత రైల్వే ఉద్యోగి. తండ్రి పెన్షనరు. మనుమడు కాంట్రాక్టు పనివాడు. మొదటి ఇద్దరికి రైల్వే ఆసుపత్రి ఉన్నది. మూడవవానికి మునిసిపాలిటీ, రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులే గతి. ఆ మనుమడు సంక్రాంతికి స్వగ్రామం వెళ్లి, పొలం గట్ల మీద తిరిగి, తిరిగి వచ్చాక జ్వరపడ్డాడనుకోండి. ఈ జ్వరం మనిషి నుంచి మనిషికి అంటదు. కనుక అతడు రైలెక్కి రోగాన్ని ఊరంతటికీ పంచిపెట్టడు. రాష్ట్రం సరిహద్దు దాటవలసినది రోగం కాదు, సమాచారం. శ్రీకాకుళంలో జ్వరం ఉన్నదని ఖరగ్‌పూర్ వైద్యునికి తెలిస్తే, చంకలోనో నడుము దగ్గరో నల్లని పెచ్చు కట్టిన మచ్చ ఉన్నదేమోనని చొక్కా విప్పించి చూస్తాడు. తెలియకపోతే చూడడు. అంతే తేడా!

ఆ సమాచారం ఎవరు పంపాలి? రైల్వే ఆసుపత్రి రైల్వేశాఖది. మునిసిపాలిటీ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానిది. రోగి ఊరు ఆంధ్రప్రదేశ్‌ది. లోక్‌సభలో రైల్వేశాఖకు, ఆరోగ్యశాఖకు ప్రశ్నల రోజులు కూడ వేరు వేరు. ఒక మంత్రి మరొక శాఖ వైపు చూపించి కూర్చోవడానికి ఇంతకంటె మంచి ఏర్పాటు ఉండబోదు. శ్రీకాకుళం సభ్యుడూ, ఖరగ్‌పూర్ ఏ నియోజకవర్గంలో ఉన్నదో ఆ మేదినీపూర్ సభ్యుడూ పార్టీలను పక్కన పెట్టి ఒకే ప్రశ్నను రెండు శాఖలకూ వేయవచ్చు: ఈ జ్వరాల నమోదులో రైల్వే ఆసుపత్రుల లెక్క, రాష్ట్రాల లెక్క కలుస్తున్నవా? జిల్లా ఆసుపత్రిలో ఎలైజా పరీక్ష ఉన్నదా? ప్రాథమిక కేంద్రంలో డాక్సీసైక్లిన్, గర్భిణులకు అజిత్రోమైసిన్ నిలువ ఉన్నవా? జవాబులో రాష్ట్రాల విషయమన్న వాక్యం మళ్లీ కనబడితే, అనుబంధ ప్రశ్నగా 29వ అంశాన్ని చదివి వినిపించవచ్చు.