అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా?

ఒక సీసా మందు ధర సుమారు 6 లక్షల రూపాయలు. అదే మందు ఇంకో కంపెనీ సీసా 15,900 రూపాయలు. మందు పేరు రిస్డిప్లామ్. ఈ రెండు ధరల మధ్య అడ్డుగా నిలబడింది ఒక పేటెంట్. అందులోని నాలుగు వాక్యాలు ఎంత దూరం వర్తిస్తాయి అన్నదే గొడవంతా. ఇది ఫార్మసీ వాళ్ల గోల, లేకపోతే లాయర్ల గోల అని మన సీఎస్ఈ వాళ్లం వదిలేస్తాం. నేనైతే ఇది మనకి చాలా బాగా అర్థమయ్యే విషయం అంటాను. పట్టించుకోవాల్సిన విషయం కూడా.

ముందు జబ్బు సంగతి. "16 కోట్ల ఇంజెక్షన్, పాపని కాపాడండి" అనే వాట్సాప్ ఫార్వర్డ్ మనలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఆ జబ్బే స్పైనల్ మస్క్యులర్ ఆట్రొఫీ, పొట్టిగా ఎస్ఎంఏ. జన్యువులో లోపం వల్ల కండరాలను కదిలించే నరాల కణాలు చచ్చిపోతూ ఉంటాయి. పిల్లలు కూర్చోలేరు, నిలబడలేరు. ముదిరితే ఊపిరి తీసుకోవడమూ కష్టమే. దీనికి ప్రధానంగా మూడు మందులు ఉన్నాయి. ఆ 16 కోట్ల జోల్జెన్స్మా చిన్న పిల్లలకి ఒకే ఒక్కసారి ఇచ్చేది. స్పిన్‌రాజా వెన్నులోకి ఎక్కించేది. రోష్ కంపెనీ రిస్డిప్లామ్ ఇంట్లోనే రోజూ తాగే మందు.

మూడు కంపెనీలు, మూడు మందులు, మరి పోటీ ఉన్నట్టే కదా అనిపిస్తుంది. కానీ ముగ్గురి చేతిలోనూ పేటెంట్లు ఉన్నప్పుడు ధర తగ్గించాల్సిన తొందర ఎవరికీ ఉండదు. ధర నిజంగా పడిపోయేది అదే మందుని ఇంకొకరు తయారు చేసినప్పుడే. లెక్క వేసి చూడండి. 20 కిలోలు దాటిన పేషెంట్‌కి రోజుకి 5 మిల్లీగ్రాములు కావాలి. సీసాలో 60 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే 12 రోజులకి ఒక సీసా, ఏడాదికి సుమారు 30 సీసాలు. పాత ధరలో అది దాదాపు కోటీ 80 లక్షలు. కొత్త ధరలో 5 లక్షల లోపు. రెండోది కూడా మధ్యతరగతికి చిన్న మొత్తం కాదు. కానీ మొదటిది వింటే అసలు ఆశే పుట్టదు.

ఇప్పుడు పేటెంట్ లోపలికి వెళ్దాం. పన్నెండేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకే ఆ ఇంగ్లీష్ ఒక పట్టాన ఎక్కలేదు! పేజీలకి పేజీల వివరణ తర్వాత చివర్లో "క్లెయిమ్స్" ఉంటాయి. చట్టం చూసే హద్దులు అవే. పొలానికి గట్టు ఎలాగో పేటెంట్‌కి క్లెయిమ్ అలాగ. మందుల పేటెంట్లలో మార్కుష్ క్లెయిమ్ అని ఒకటి ఉంటుంది. ఒక మాలిక్యూల్ బొమ్మ గీసి, ఈ చోట ఇది గానీ అది గానీ ఉండొచ్చు, ఆ చోట ఇంకోటి ఉండొచ్చు అని రాస్తారు. మన భాషలో చెప్పాలంటే అది ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. 10 చోట్ల, చోటుకి 10 ఆప్షన్లు ఇచ్చారనుకోండి, వెయ్యి కోట్ల మాలిక్యూల్స్ మ్యాచ్ అయిపోతాయి. అందులో వాళ్లు నిజంగా తయారు చేసి చూసినవి వందల్లో ఉండొచ్చు.

అసలు తకరారు ఇక్కడే మొదలవుతుంది. ముందు ఇలా పెద్ద గట్టు వేసుకుంటారు. కొన్నేళ్ల తర్వాత ఆ గట్టు లోపలే ఉన్న ఒక్క మాలిక్యూల్‌కి మళ్లీ కొత్త పేటెంట్ అడుగుతారు. ఇంకొకరు తయారు చేస్తే "అది మా పాత పేటెంట్‌లోనే ఉంది, ఆపండి" అనొచ్చు. "పాతదాంట్లో ఉంటే మళ్లీ కొత్తది ఎందుకు?" అని అడిగితే "పాతదాంట్లో కవర్ అయింది గానీ బయటపెట్టలేదు" అంటారు. మన ఊళ్లలో దీన్నే అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటారు.

ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. బ్లడ్ క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో అచ్చం ఇదే జరిగింది. ఇమాటినిబ్ మీద నోవార్టిస్‌కి అమెరికాలో ముందే పేటెంట్ ఉంది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో ఆ మందు లవణాన్ని బ్రిటన్‌లో అమ్మబోతే, ఆ పాత పేటెంట్ కిందకే వస్తుందని 2004లో లీగల్ నోటీసు వెళ్లింది. ఇండియాలో మాత్రం ఆ లవణం కొత్తదనీ, దాని ఒక స్ఫటిక రూపానికి పేటెంట్ కావాలనీ వాదించారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కుదరదంది. కవర్ అయినదానికీ బయటపెట్టినదానికీ మధ్య అంత పెద్ద సందు ఉండకూడదని చెప్పింది. కొత్త రూపం జబ్బు మీద ఇంకా బాగా పనిచేస్తుందని చూపించకపోతే పేటెంట్ లేదు అనే సెక్షన్ 3(డి)ని గట్టిగా నిలబెట్టింది. అప్పట్లో గ్లివెక్ నెలకి సుమారు 1,20,000 రూపాయలు. జెనరిక్ 10 వేల లోపే. చాలామందికి ఉచితంగా ఇస్తున్నాం అని కంపెనీ అంది. ఇచ్చి ఉండొచ్చు. కానీ దయ వేరు, ధర వేరు. దయని ఎప్పుడైనా ఆపేయొచ్చు.

రిస్డిప్లామ్ కథ దీనికి తమ్ముడు. నాట్కో ఆ మందు తేకుండా ఆపమని రోష్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. రోష్‌దే అయిన ముందటి పేటెంట్‌లో ఉదాహరణగా ఇచ్చిన ఒక కాంపౌండ్‌కీ రిస్డిప్లామ్‌కీ తేడా ఒక్కచోటే, కార్బన్ ఉన్న చోట నైట్రోజన్. ఈ రంగం తెలిసినవాళ్లకి తట్టే మార్పే కదా అన్నది నాట్కో వాదన. 2025 మార్చిలో సింగిల్ జడ్జి, అక్టోబర్‌లో డివిజన్ బెంచ్ స్టే ఇవ్వలేదు. అదే అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. మందు మార్కెట్‌లోకి వచ్చేసింది. ఇది తుది తీర్పు కాదు, పేటెంట్ చెల్లుతుందా లేదా అన్న అసలు విచారణ వేరే.

అవతలి వాదన కూడా న్యాయంగా వినాలి. కోట్ల మాలిక్యూల్స్‌లో పనిచేసేది ఏదో కనిపెట్టడమే అసలు కష్టం. దానికి పదేళ్లు పైన పడుతుంది, దారిలో ఫెయిల్ అయ్యేవే ఎక్కువ. ఆ ఖర్చు తిరిగి రాకపోతే రేపు కొత్త మందు ఎవరు కనిపెడతారు? మంచి ప్రశ్న. అందుకే నేను పేటెంట్లు వద్దు అనట్లేదు. ఒక ఆవిష్కరణకి 20 ఏళ్లు ఇవ్వండి. కానీ కనిపెట్టిన దానికి ఇవ్వండి, ఊహించిన దానికి కాదు. తెలియని వెయ్యి కోట్లకి ముందే గట్టు వేసుకున్నవాళ్లు, అందులో ఒకటి దొరికాక మళ్లీ కొత్త గడియారం మొదలుపెట్టడం ఒప్పందం తప్పడమే.

అలాగని నాట్కోని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. వాళ్లదీ వ్యాపారమే. 1970 చట్టం మందులకి ప్రాడక్ట్ పేటెంట్ తీసేసి, తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చింది. హైదరాబాద్ ఫార్మా పెరిగింది ఆ నీడలోనే. 2005లో ప్రాడక్ట్ పేటెంట్ తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఆ నీడ స్థానంలో మనకి మిగిలింది 3(డి) లాంటి ఒకట్రెండు గొడుగులే.

ఇంకో గొడుగు సెక్షన్ 25. పేటెంట్ దరఖాస్తు పబ్లిష్ అయ్యాక, మంజూరు అయ్యేలోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. ఎవరైనా అంటే నిజంగా ఎవరైనా. టీబీ మందు బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ ఇంకో పేటెంట్ అడిగితే, టీబీ నుంచి బయటపడ్డ ఇద్దరు అమ్మాయిలు అభ్యంతరం పెట్టారు. ఒకరిది ఇండియా, ఇంకొకరిది దక్షిణాఫ్రికా. 2023 మార్చిలో పేటెంట్ ఆఫీస్ ఆ దరఖాస్తుని తిరస్కరించింది. ఓపెన్ సోర్స్‌లో బగ్ కనిపిస్తే మనం ఇష్యూ పెడతాం చూడండి, అలాంటిదే. తేడా ఏంటంటే ఇక్కడ బగ్ వదిలేస్తే ఎవరో ఒకరికి మందు అందదు.

2024లో రూల్స్ మార్చారు. ఇప్పుడు అభ్యంతరం పెట్టాలంటే ఫీజు కట్టాలి. అది వినదగ్గదా కాదా అన్నది ముందే పేటెంట్ ఆఫీస్ తేలుస్తుంది. పనికిరాని అభ్యంతరాలు ఆపడానికే అంటున్నారు. కావచ్చు. కానీ పేషెంట్ వచ్చే తలుపు దగ్గర గడప ఎత్తు పెంచారు. గట్టు జరిపేవాళ్ల దగ్గర ఏం పెంచారు?

పేటెంట్ ఆఫీస్ సైట్‌లో దరఖాస్తులన్నీ ఉచితంగా వెతకొచ్చు. మనకి ప్యాటర్న్ మ్యాచింగ్ వచ్చు, సెర్చ్ వచ్చు, ఇంకొకరి కోడ్‌లో తప్పు పట్టడం అయితే మరీ బాగా వచ్చు. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి మళ్లీ అటెండెన్స్ యాప్ చేసే ముందు, పాత క్లెయిమ్‌నీ కొత్త క్లెయిమ్‌నీ పక్కపక్కన పెట్టి తేడా చూపించే టూల్ గురించి ఒక్కసారి ఆలోచించండి. ఫార్మసీ డిపార్ట్‌మెంట్ వాళ్లని నేను అడుగుతాను. కోడ్ రాయడానికి ఎవరొస్తారు?