ఆనకట్ట ఎవరు పగలగొట్టాలి?

మా ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి పిల్లలను రాకుమారి బొమ్మ గీయమంటే సగం మంది ఎల్సాను గీస్తారు. తెల్లటి జడ, నీలం గౌను, చెంపల దాకా కళ్ళు, కనీ కనిపించని ముక్కు. రంగు పెన్సిళ్ళ డబ్బాలో గోధుమరంగు పెన్సిలు ఏడాది చివరికి కూడా అరగదు. పిల్లల తప్పేమీ లేదు. ఫోన్లో ఏది దొరికితే అది చూశారు. ఎల్సా తెలుగులో కూడా మాట్లాడుతుంది, మన పిల్లల భాషల్లోనే మాట్లాడదు.

ఇది రాస్తామంటే తోటి ఉపాధ్యాయులు కొందరు నవ్వారు. "బొమ్మల సినిమా గురించి ఇంత వాదన ఎందుకు? భూమి సమస్య రాయండి, ఉద్యోగాల సమస్య రాయండి" అన్నారు. మేం రాస్తున్నది ఆ సమస్యే. ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు పక్కన నిలబడి చూడాలో పిల్లలు మొదట నేర్చుకునేది కథలోనే. పాఠ్యపుస్తకం ఆ తర్వాత వస్తుంది.

ఈ సినిమాలను పొగిడేవాళ్ళు ఎప్పుడూ ఒకే మాట చెబుతారు: పాత రాకుమారి రాకుమారుడి కోసం ఎదురుచూసేది, కొత్త రాకుమారి తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది, అందుకే ఇవి కొత్త కథలు. 2013లో వచ్చిన 'ఫ్రోజెన్' గురించి ఈ మాట మరీ ఎక్కువగా విన్నాం. ఆ కొత్తదనం ఎంతో ఒకసారి చూద్దాం.

ఆ సినిమాకు ఆధారం డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1844లో రాసిన 'మంచురాణి' కథ. అందులో గెర్డా అనే పేదపిల్ల, మంచురాణి ఎత్తుకుపోయిన తన నేస్తం కై కోసం ఒంటరిగా బయలుదేరుతుంది. ఆ అబ్బాయిని కాపాడేది ఈ అమ్మాయే. పెళ్ళి గొడవ లేదు, కత్తి యుద్ధం లేదు. దొంగల ముఠాలోని ఒక పిల్ల ఆమెకు రెయిన్‌డీర్ జింకను ఇస్తుంది. ఉత్తరాన ఒక ల్యాప్ స్త్రీ ఎండుచేప మీద నాలుగు మాటలు రాసి, ఫిన్ స్త్రీ దగ్గరికి పంపుతుంది. 'ల్యాప్' అన్నది అక్కడి సామీ ఆదివాసులకు బయటివాళ్ళు పెట్టిన పేరు. మనకూ అలాంటి పేర్లు చాలా పెట్టారు కదా. ఇక ఆ ఫిన్ స్త్రీ, గెర్డాకు ఉన్న బలం కంటే పెద్ద బలాన్ని తాను ఇవ్వలేనని చెబుతుంది. ఆండర్సన్ కూడా ఆమెను మురికిగా ఉన్న పొట్టి మనిషి అనే వర్ణించాడు. ఆ చూపు మనకు తెలిసిందే. అయినా దారి తెలిసినవాళ్ళు, మర్మం తెలిసినవాళ్ళు ఆ స్త్రీలేనని ఒప్పుకున్నాడు.

'ఫ్రోజెన్' వచ్చేసరికి ఆ ఇద్దరు స్త్రీలూ మాయమయ్యారు. పేదపిల్ల పోయి ఇద్దరు రాకుమార్తెలు వచ్చారు. సామీల ఆనవాలుగా మిగిలింది వాళ్ళ దుస్తుల పోలికలున్న బట్టలు వేసుకుని, జింకతో తిరుగుతూ మంచుగడ్డలు అమ్ముకునే క్రిస్టాఫ్ ఒక్కడే. వాడికీ తల్లి లేదు, జాతి లేదు, పెంచింది రాతి భూతాలు. సినిమా మొదట్లో వినిపించే పాటను మాత్రం ఫ్రోదే ఫియెల్‌హేమ్ అనే సామీ సంగీతకారుడు సామీల జోయిక్ పద్ధతిలో కట్టాడు. పాట కావాల్సి వచ్చింది, మనుషులు అక్కర్లేదు. 170 ఏళ్ళ కిందటి కథలో ఉన్న దాన్ని తీసేసి, తీసేసిన తర్వాత మిగిలిన దాన్ని కొత్త కథ అంటే మేం ఒప్పుకోం.

ముఖాల సంగతీ ఇంతే. 2010లో వచ్చిన 'టాంగిల్డ్'లోని రపంజెల్‌ను, ఆనాను, ఎల్సాను పక్కపక్కన పెట్టి జుట్టు చేత్తో మూసి చూడండి. ముగ్గురూ ఒక తల్లి బిడ్డల్లా ఉంటారు.

అయితే న్యాయంగా చెప్పాలంటే కథ అక్కడితో ఆగలేదు. సామీల నుంచి విమర్శలు వచ్చాయి. రెండో భాగం తీసేటప్పుడు, 2019లో, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లోని సామీ పార్లమెంటులు, సామీ కౌన్సిల్ కలిసి డిస్నీతో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నాయి. సామీ సలహాదారులు కూర్చున్నారు. సినిమా ఉత్తర సామీ భాషలో కూడా వచ్చింది. తేడా తెరమీద కనిపిస్తుంది. 'ఫ్రోజెన్ 2'లో నార్తుల్‌డ్రా అనే అడవి జనం ఉన్నారు. వాళ్ళకు ముఖాలున్నాయి, పేర్లున్నాయి, యెలానా అనే పెద్దామె ఉంది. ఆరెండెల్ రాజు వాళ్ళ నదికే అడ్డంగా ఆనకట్ట కట్టి, వాళ్ళకే కానుక అన్నాడు. నిజానికి అది అడవిని దెబ్బతీయడానికి కట్టింది. ఆయుధం లేకుండా వచ్చిన వాళ్ళ నాయకుణ్ణి ఆ రాజే చంపాడు. 34 ఏళ్ళు అడవి పొగమంచులో బందీ అయింది. 'అభివృద్ధి కానుక' మాట విని విని అలసిపోయిన మనకు ఈ కథకు వివరణ అక్కర్లేదు.

సామీలకూ అక్కర్లేదు. నార్వేలో ఆల్టా నది మీద ఆనకట్ట కడతామన్నప్పుడు వాళ్ళు 1979లో ఓస్లోలో పార్లమెంటు ముందు నిరాహారదీక్ష చేశారు. ఆనకట్ట ఆగలేదు, 1987లో విద్యుత్ కేంద్రం మొదలైంది. కానీ ఆ పోరాటం ఊరికే పోలేదు. దాని ఫలితంగానే 1989లో నార్వేలో సామీ పార్లమెంటు ఏర్పడింది. ముప్పై ఏళ్ళ తర్వాత డిస్నీతో సంతకం పెట్టించిన సంస్థల్లో అదీ ఒకటి. ఇక్కడ మన యువకులు గమనించాల్సింది ఇదే. డిస్నీ మనసు మారి అడగలేదు. అడగక తప్పని ఒక సంస్థ ఎదురుగా ఉంది కనుక అడిగింది.

ఇంత చేసినా సినిమా ముగింపు మా గొంతు దిగలేదు. ఆనకట్టను కూల్చాలని నిర్ణయించింది ఎవరు? యెలానా కాదు. ఆ రాజు మనవరాలు ఆనా. ఎల్సా, ఆనాల తల్లి నార్తుల్‌డ్రా మనిషేనని చెప్పి, అడవి తరఫున మాట్లాడే హక్కు కూడా రాకుమార్తెలకే ఇచ్చారు. 34 ఏళ్ళు ఆ పొగమంచులో తన జనాన్ని నిలబెట్టిన యెలానా పక్కన నిలబడి చూస్తుంది. చివరికి అడవికి రక్షకురాలు ఎల్సా! ఇక వరద ఆరెండెల్ మీదికి వస్తే ఎల్సా మంచుగోడ కట్టి ఆపేస్తుంది. తాత చేసిన అన్యాయానికి నగరంలో ఒక్క గుమ్మం కూడా తడవలేదు. ఎవరికీ నష్టం లేకుండా న్యాయం జరుగుతుందని పిల్లలకు చెప్పడం అబద్ధం. మంచి అధికారి ఒకరు వస్తే మన కష్టాలు తీరతాయని ఎదురుచూసే మన పెద్దల అలవాటుకు ఇది ఇంకో బొమ్మ.

2016లో వచ్చిన 'మోయానా' ఈ విషయంలో ఒక మెట్టు పైనుంది. ఆ పిల్ల సొంత దీవి పిల్ల, సొంత జనం కోసమే పడవ ఎక్కుతుంది. దారి చెప్పింది నాయనమ్మ టాలా. పసిఫిక్ దీవుల పెద్దలను, పండితులను డిస్నీ సలహా అడిగింది. సినిమా తర్వాత తాహితీ, మావోరీ భాషల్లోనూ వచ్చింది. అయినా మావి అనే వీరుణ్ణి లావుగా, గొప్పలు చెప్పుకునేవాడిగా చూపారని ఆ దీవుల వాళ్ళే తప్పుపట్టారు. వాళ్ళ కథల్లో మావి పక్కన హీనా అనే దేవత ఉంటుంది. సినిమాలో ఆమె లేదు. మావి ఒంటిరంగు, పచ్చబొట్లతో తయారైన పిల్లల వేషాన్ని అమ్మకానికి పెట్టి, గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. ఒకరి ఒంటిచర్మం ఇంకొకరికి పండగ వేషం!

ఈ మాట రాస్తూ మేం తల దించుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, మన బడుల్లోనే మన పిల్లలకు ఆకుల లంగాలు కట్టి, తలలకు ఈకలు చెక్కి, కేకలు పెట్టిస్తూ వేదిక ఎక్కిస్తున్నాం. ఏ ఊళ్ళో, ఏ అమ్మమ్మ అలా కట్టుకుంది? డిస్నీని అడిగే ముందు మనల్ని మనం అడగాలి.

అందుకే తోటి ఉపాధ్యాయులకు మా మాట. సినిమాలు చూడొద్దని పిల్లలకు చెప్పకండి, చెప్పినా వినరు. కలిసి చూడండి. చూశాక నల్లబల్ల మీద మూడు ప్రశ్నలు రాయండి. ఈ కథ ముందు ఎవరిది? వాళ్ళను అడిగారా? కథలో చివరి నిర్ణయం ఎవరిది? తర్వాత ఇంటికి పంపి, తాతనో అమ్మమ్మనో అడిగి ఒక కథ తెమ్మనండి. కోయలోనో, కువిలోనో, సవరలోనో, గోండీలోనో, ఏ భాషలో విన్నారో ఆ భాషలోనే చెప్పించండి. యువకులు ఫోన్లో రికార్డు చేయండి, చెప్పినవాళ్ళ పేరు, ఊరి పేరు తప్పక రాయండి. బొమ్మలు పిల్లలే గీస్తారు. అప్పుడు ఆ గోధుమరంగు పెన్సిలు అరుగుతుంది. రేపు ఎవరైనా మన కథ కోసం వస్తే, అడగాల్సిన మనుషులు ఎవరో రాతలో ఉంటుంది.

'ఫ్రోజెన్ 2' చూసిన రోజు పోలవరం ముంపు ఊరి నుంచి వచ్చిన ఒక పాప అడిగింది: "సార్, వాళ్ళ డ్యామ్ రాకుమారి పగలగొట్టించింది. మన గురించి ఎవరు వస్తారు?" 2014లో ఏడు మండలాలను ఆర్డినెన్సుతో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చినప్పుడు అక్కడి కోయలూ కొండరెడ్లూ వేసిన ప్రశ్నే అది. డ్యాములు పగలగొట్టమని మేం పిల్లలకు చెప్పం. కానీ ఎవరో వస్తారని కూడా చెప్పం. "ఎవరూ రారమ్మా. గ్రామసభలో మనమే కూర్చోవాలి, మనమే మాట్లాడాలి" అన్నాం. పాప కాసేపు ఆలోచించి, "అయితే ఆ ముసలామె మాట్లాడాల్సింది సార్" అంది.

యెలానా గురించి మేం ఇంత పొడుగున రాసింది ఆ పాప ఒక్క మాటలో చెప్పింది.