లేబర్ రూములో ‘ఎందుకు?’ అని అడిగే హక్కు

నొప్పులతో ఆస్పత్రికి వచ్చిన స్త్రీకి మన లేబర్ రూముల్లో ఏళ్ళ తరబడి ఒకటే తంతు. వెంట్రుకలు గీయడం, ఎనిమా ఇవ్వడం, బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టడం, పైనుంచి పొట్ట నొక్కడం, తొలి కాన్పయితే కోత పెట్టి కుట్లు వెయ్యడం. వెంట వచ్చిన తల్లినో అక్కనో గుమ్మం బయటే ఆపెయ్యడం. ఎందుకని అడిగితే, ‘ఇక్కడ పద్ధతి ఇంతే’ అన్నదే జవాబు.

ఈ పద్ధతికి ఆధారం లేదని పరిశోధనలు ఏనాడో తేల్చాయి. సాధారణ కాన్పులో అందరికీ ఎనిమా ఇవ్వడం, వెంట్రుకలు గీయడం మానెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే చెప్పింది. అందరికీ కోత పెట్టవద్దని, పొట్ట నొక్కవద్దని, కోరుకున్న మనిషిని తోడుండనివ్వాలని 2018లో మరింత స్పష్టం చేసింది. కాన్పు కాగానే ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ రక్తస్రావాన్ని అరికడుతుందని నిరూపించినవీ పరిశోధనలే. ఏది మానాలో, ఏది తప్పక చెయ్యాలో విడదీసి చూపేది ఆధారమే.

ఆ తెలివిడి ముందుగా చేరవలసింది గంటల తరబడి ఆ స్త్రీ పక్కనుండే నర్సుకి. తెలంగాణలో 2017లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు ప్రకటించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద ఇది 21.5 శాతం. ఈ శిక్షణ ఎంత అవసరమో ఇంతకంటే చెప్పాలా?

అయితే శిక్షణ పొందిన నర్సు తిరిగి వెళ్ళేది ఆ పాత వార్డుకే. ‘ఈమెకి కోత అవసరం లేదు డాక్టర్’ అనగల అధికారం ఆమెకుందా? ‘చెప్పింది చెయ్యి సిస్టర్’ అన్న ఒక్క మాటతో నేర్చుకున్నదంతా మూలపడదా? ఒకే డ్యూటీలో లెక్కకు మించిన కాన్పులు చూసే మనిషికి ఆలోచించే తీరికేదీ? లేబర్ రూములో తిట్లు తిన్న స్త్రీల తరఫున మనం ఎన్నోసార్లు పోరాడాం. అది న్యాయమే. కానీ ఆ నర్సుని ముద్దాయిగా చూశామే తప్ప, ఆమె నోరు నొక్కిన వ్యవస్థను ఎంతవరకు ప్రశ్నించాం?

శిక్షణ డ్యూటీలో భాగం కావాలి. డాక్టర్లూ నర్సులూ కలిసి నేర్చుకోవాలి. ఖాళీలు నింపాలి. రాతపూర్వకమైన నియమాలు గోడమీద అందరికీ కనబడాలి. కోత పెట్టేముందు కారణం చెప్పి, ఆ స్త్రీ అనుమతి తీసుకోవాలి. మీ ఊరి ఆస్పత్రిలో వీటిలో ఏవి అమలవుతున్నాయో వెళ్ళి అడగండి. నర్సులను కలుపుకుని అడగండి. ప్రశ్నించే హక్కు నర్సుకి లేనిచోట కాన్పుకొచ్చిన స్త్రీకీ ఉండదు.