బుజ్జి కారు చూపించి పిలిచారు

2024 జూన్ 27న విడుదలైన సైన్స్ ఫిక్షన్ సినిమా ‘కల్కి 2898 ఏడీ’కి సెన్సార్ బోర్డు యూ/ఏ ముద్ర వేసింది. అంతకు నెల ముందే ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ సిరీస్ వచ్చింది. సినిమాలోని బుజ్జి కారును ఊళ్లు తిప్పారు. ఇదంతా ఎవరికోసం? పిల్లలకోసమే. తీరా థియేటర్లో ఆ పిల్లల ముందుకొచ్చింది ఆడవాళ్లను ఎత్తుకెళ్లి, బలవంతాన గర్భవతులను చేసి, ఆ గర్భం నుంచి సీరం తోడుకునే ప్రయోగశాల. అక్కడ బందీగా ఉన్న సుమతికి పేరుండదు, నంబరే ఉంటుంది. కత్తియుద్ధం ఉత్తుత్తిదేనని ఆరేళ్ల పిల్లాడికీ తెలుసు. అమ్మ కడుపు మాత్రం వాడికి నిజం.

సైన్స్ ఫిక్షన్ అంటే పిల్లల సరుకేనన్న మన అలవాటును బోర్డూ, నిర్మాతలూ బాగా వాడుకున్నారు. 2023లో సినిమా చట్టం సవరించి యూఏను 7+, 13+, 16+గా విడగొట్టారు. మంచిదే. కానీ ఆ అంకెలు తల్లిదండ్రుల మార్గదర్శనానికే తప్ప మరొకరు అమలుచేయడానికి కావని అదే చట్టం చెబుతోంది. పదహారేళ్ల వాళ్లకని ముద్రవేసిన సినిమాకు అయిదేళ్ల బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లొచ్చు.

సౌదీ అరేబియాలోని తబూక్‌లో ఉన్న మన కుటుంబాలకు ఈ తేడా కళ్లెదుటే ఉంది. మూడున్నర దశాబ్దాలకు పైగా థియేటర్లే లేని సౌదీలో 2018 ఏప్రిల్‌లో తొలి తెర లేచింది. ఇక్కడ ఆర్12, ఆర్15 ముద్రలుంటే అంతకన్నా చిన్నవాళ్లను తల్లిదండ్రులు తోడున్నా లోపలికి రానివ్వకూడదు. అయితే ఆ కాపలా టికెట్ కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. తెలుగు చెవిన పడాలని ఇంట్లో ఫోన్‌లో మనమే పెట్టే సినిమాకు ఏ కాపలా లేదు.

పైగా ఇక్కడి పిల్లలకు ఇంకో చిక్కుంది. ‘డ్యూన్’ సినిమా చిత్రీకరించిన జోర్డాన్ వాదీ రమ్, తబూక్ పక్కనున్న హిస్మా ఎడారీ ఒకే ఇసుకరాళ్ల నేల. శుక్రవారం షికారుకెళ్లిన చోటులాంటి నేలలోంచి ఆ సినిమాలో రాక్షస పురుగు లేస్తే, అది ఎక్కడో వేరే గ్రహంలో అని పసివాడు ఎలా సరిపెట్టుకుంటాడు? హైదరాబాద్ పిల్లకు సరిపోయేది ఇక్కడి పిల్లకు సరిపోకపోవచ్చు. ఆ సంగతి ఏ అంకే చెప్పలేదు.

బ్రిటన్ బోర్డు ప్రతి సినిమాకూ ఏ దృశ్యాలవల్ల ఆ ముద్ర వేసిందో రాసి ప్రకటిస్తుంది. మన బోర్డు కూడా ఆ రెండు ముక్కలు తెలుగులో రాసి పోస్టర్ మీద, ఓటీటీలో సినిమా పేరు కిందే వేయించాలి. పిల్లలకు తగని సినిమాకు పిల్లల బొమ్మలతో ప్రచారం చేయడం నిర్మాతలు మానాలి. అప్పటిదాకా అమ్మానాన్నలు ముందు తాము చూసి, ఆ తర్వాతే పిల్లలకు చూపించాలి.