చనిపోయారా, చచ్చాయా? గాజా వాదనల్లో మన తెలుగు

తెలుగులో మనిషిని మనిషిగా గుర్తించడానికి పెద్ద మాటలేమీ అక్కర్లేదు. క్రియ చివర ఒక్క ‘రు’ చాలు. మనుషులు వచ్చారు, పశువులు వచ్చాయి. పిల్లలు ముగ్గురు, మేకలు మూడు. ఏకవచనంలో మన వ్యాకరణం ఆడవారిని తక్కువ చేస్తుందని అనేవారున్నారు, అందులో నిజముంది. బహువచనంలోకి వచ్చేసరికి మాత్రం ఆడా మగా, ఉన్నవాళ్లు లేనివాళ్లు, మనవాళ్లు పరాయివాళ్లు అందరికీ ఆ ‘రు’ దక్కుతుంది.

రెండేళ్లకు పైగా ఇజ్రాయెల్, పాలస్తీనా గురించి మన ఫోన్లలో సాగుతున్న తెలుగు వాదనలు చదువుతుంటే, ఆ ‘రు’ ఊడిపోయిన చోట్లు చాలా కనిపిస్తున్నాయి. గాజాలో మరణించినవారి గురించి ఒక పక్షం ‘చచ్చాయి’ అని రాస్తుంది. 2023 అక్టోబరు 7న మరణించిన యూదుల గురించి ఇంకో పక్షం అదే మాట రాస్తుంది. పక్షాలు వేరు, ప్రత్యయం ఒక్కటే. ఇది కోపంలో జారిన మాట అని సరిపెట్టుకోవచ్చా? సరిపెట్టుకోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందుగా అక్టోబరు 7. ఆ రోజు హమాస్, దానితో కలిసిన సాయుధ సంస్థలు దక్షిణ ఇజ్రాయెల్‌పై దాడి చేశాయి. సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ మృతుల్లో పిల్లలున్నారు, వృద్ధులున్నారు, సంగీత ఉత్సవానికి వచ్చిన యువతీయువకులున్నారు. వ్యవసాయం నేర్చుకోవడానికి వెళ్లిన నేపాల్ విద్యార్థులు పదిమంది, పొలాల్లో పనికి వెళ్లిన థాయిలాండ్ కూలీలు కూడా ఉన్నారు. ‘అక్కడ ఉన్నదంతా ఆక్రమణదారులే, పౌరులంటూ ఎవరూ లేరు’ అని రాసేవారు ఈ అందరినీ ఒక్క గీతతో కొట్టేస్తున్నారు. హమాస్ 1988 నాటి చార్టర్‌లో యూదులపై ద్వేషం బాహాటంగానే ఉంది. 2017లో విడుదల చేసిన పత్రంలో తమ పోరు యూదులతో కాదు, జియోనిజంతో అని ఆ సంస్థ రాసుకుంది. ఇళ్లలోకి చొరబడి చంపిన రోజున ఆ తేడా ఎక్కడా కనిపించలేదు.

రెండు రోజుల తరువాత, అక్టోబరు 9న, అప్పటి ఇజ్రాయెల్ రక్షణ మంత్రి యోవ్ గాలంట్ గాజాకు కరెంటు, తిండి, ఇంధనం అన్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అదే ప్రకటనలో తాము పోరాడుతున్నది మానవ మృగాలతో అని, దానికి తగ్గట్టే నడుచుకుంటామని అన్నారు. ఆ మాట హమాస్‌ను ఉద్దేశించి అన్నదేనని ఇజ్రాయెల్ వాదన. సరే, అలాగే అనుకుందాం. అయినా మాట ఎవరిని ఉద్దేశించినా, ముట్టడి తగిలింది సుమారు 22 లక్షల మందికి. అందులో దాదాపు సగం మంది పిల్లలు.

ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు రాసినవాడిగా ఇక్కడ నాకు కనిపించేది ఇది. ఏ ఫైలులోనైనా కారణం ఒక పేరాలో, ఉత్తర్వు తరువాతి పేరాలో ఉంటాయి. కారణం పేరాలో ఏ మాట పడితే ఉత్తర్వు దాని వెంటే నడుస్తుంది. ఎదుట ఉన్నవి మృగాలు అని పైన రాశాక, కింద నీళ్లు, తిండి ఆపమని రాయడానికి చెయ్యి వణకదు.

దీన్ని న్యాయస్థానం కూడా చిన్న విషయంగా తీసుకోలేదు. దక్షిణాఫ్రికా 2023 డిసెంబరు 29న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. 2024 జనవరి 26 నాటి మధ్యంతర ఉత్తర్వులో కోర్టు గాలంట్ మాటలను, అధ్యక్షుడు ఐజాక్ హెర్జోగ్ మాటలను ప్రస్తావించింది. గాజాలో జాతిహత్య జరిగిందని అది తేల్చలేదు, తుది తీర్పు ఇంకా రాలేదు. కానీ జాతిహత్యకు ప్రేరేపించే బహిరంగ మాటలను అడ్డుకోవాలని, అన్నవారిని శిక్షించాలని ఇజ్రాయెల్‌ను ఆదేశించింది. ఈ అంశానికి 16 మంది న్యాయమూర్తులు అనుకూలంగా, ఒక్కరు వ్యతిరేకంగా ఓటు వేశారు. మన దేశానికి చెందిన న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఆ 16 మందిలో ఉన్నారు.

ఆ 16 మందిలో ఇంకొకరి పేరు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది: అహరాన్ బరాక్. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు, ఈ కేసు కోసం ఇజ్రాయెల్ తానే నియమించుకున్న న్యాయమూర్తి. చిన్నతనంలో లిథువేనియాలోని కౌనస్‌లో నాజీల ఘెట్టో నుంచి ప్రాణాలతో బయటపడినవారు. మిగతా అంశాల్లో ఆయన తన దేశం వైపే నిలిచారు. ప్రేరేపణ మాటలు ఆపాలన్న అంశానికి, గాజాకు మానవతా సాయం అందాలన్న అంశానికి మాత్రం అనుకూలంగా ఓటు వేశారు. యూదులను ఎలుకలతో పోల్చిన ప్రచారం ఎక్కడికి దారితీసిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ రువాండా. అక్కడి ఆర్‌టీఎల్ఎం రేడియో 1993 నుంచి టుట్సీలను ‘ఇన్యెంజి’ అని పిలుస్తూ వచ్చింది. బొద్దింకలు అని అర్థం. 1994 ఏప్రిల్‌లో మొదలై సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపేశారు. ఆ రేడియో నిర్వాహకులు ఇద్దరిని, ఒక పత్రికా సంపాదకుడిని అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2003లో దోషులుగా తేల్చింది. అప్పీలులో కొన్ని నేరారోపణలు కొట్టివేసి శిక్షలు తగ్గించినా, ముగ్గురిలో ఇద్దరి విషయంలో బహిరంగ ప్రేరేపణ నేరం నిలిచింది.

ఆ 2003 తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి అధ్యక్షత వహించిన నవనీతం పిళ్లై డర్బన్‌లో పుట్టిన తమిళ కుటుంబపు బిడ్డ. తరువాత పాలస్తీనా, ఇజ్రాయెల్‌పై ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్‌కు కూడా ఆమే అధ్యక్షురాలయ్యారు. 2024 జూన్ నివేదికలో ఆ కమిషన్ హమాస్ తదితర సంస్థలూ, ఇజ్రాయెల్ బలగాలూ రెండూ యుద్ధ నేరాలు చేశాయని చెప్పింది. 2025 సెప్టెంబరులో, గాజాలో జరిగింది జాతిహత్యేనని, ఇజ్రాయెల్ నేతలు ముగ్గురి మాటలు దానికి ప్రేరేపణ అని నిర్ధారించింది. ఇజ్రాయెల్ దాన్ని పూర్తిగా తోసిపుచ్చింది. కమిషన్ కోర్టు కాదు, అది కూడా గుర్తుంచుకోవాలి. కానీ బొద్దింక అన్న మాట ఏం చేయగలదో విచారించి తీర్పు రాసిన మనిషి, ఈ మాటలను కూడా చూసి తేలిగ్గా తీసుకోలేకపోయారు.

ఇద్దరినీ ఒకే తక్కెడలో వేస్తున్నారని కొందరు అంటారు. నష్టం సమానం కాదు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరేనాటికి గాజాలో మృతులు 67 వేలు దాటారని అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ లెక్క. అందులో పోరాడినవారెందరో, పౌరులెందరో విడిగా చూపలేదని ఇజ్రాయెల్ అభ్యంతరం. ఆ లెక్కపై, ఆ భూమిపై, 1948 నుంచి నడిచిన చరిత్రపై ఎంతైనా వాదించుకోవచ్చు, గట్టిగానే వాదించుకోవాలి. ‘రు’ తీసేసే హక్కు మాత్రం ఏ పక్షానికీ లేదు. మా పక్షం ఎక్కువ నష్టపోయింది కాబట్టి మాకు ఉంది అంటే, రేపు అవతలివారూ అదే అంటారు.

మనకెందుకు ఈ గొడవ అనేవారికి రెండు మాటలు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువారు ఇజ్రాయెల్ ఇళ్లలో ముసలివారికి అన్నం తినిపించి, స్నానం చేయించి బతుకుతున్నారు. గల్ఫ్‌కు వెళ్లిన మనవారు పాలస్తీనా వారితో కలిసి ఒకే చోట పనిచేస్తున్నారు. వారికి ఇవి ఫోనులో చూసే బొమ్మలు కావు.

రెండోది మన సంగతే. తరతరాలుగా తమిళనాడులో ఉండి, ఇక్కడే పుట్టి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోతున్న మనల్ని ‘వందేరి’ అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కడి నుంచో వచ్చి పడినవాళ్లు అని దాని భావం. గాజాలో జరిగినదానితో, అక్టోబరు 7తో దీన్ని పోల్చడం లేదు, పోల్చకూడదు. అక్కడ ప్రాణాలు పోయాయి, ఇక్కడ మనసు నొచ్చుకుంది, అంతే. కానీ ఒక సమూహాన్ని మొత్తంగా ఒక్క మాటతో కొట్టేస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనం, అదే పని ఇంకొకరి మీద తెలుగులో చేయడం తగదు.

అందుకే మన సంఘం గ్రూపు కోసం మూడు నియమాలు ఈ నెల కార్యవర్గ సమావేశంలో పెట్టదలచాను.

ఒకటి, చేసినవారి పేరు రాయాలి. ‘హమాస్ దాడి చేసింది’, ‘ఇజ్రాయెల్ ప్రభుత్వం ముట్టడి వేసింది’ అని ఎంత ఘాటుగానైనా రాయవచ్చు. సంస్థకు, ప్రభుత్వానికి ‘చేసింది’ సరిపోతుంది. ‘ముస్లింలంతా’, ‘యూదులంతా’ అని మొదలయ్యే వాక్యం మాత్రం వద్దు.

రెండు, మృతుల సంఖ్య రాస్తే అది ఎవరు చెప్పిన లెక్కో పక్కనే రాయాలి.

మూడు, చనిపోయిన మనుషులను ‘చచ్చాయి’ అని రాసిన పోస్టును ఏ పక్షానిదైనా తొలగిస్తాం. రాసినవారికి ఫోను చేసి కారణం చెబుతాం. రెండోసారి రాస్తే గ్రూపు నుంచి తప్పిస్తాం. సంఘానికి ఎంత చందా ఇచ్చినవారైనా, ఎంత పెద్దవారైనా ఇందులో మినహాయింపు ఉండదు.

దీనిపై అభ్యంతరాలున్న సభ్యులు సమావేశానికి ముందే రాతపూర్వకంగా తెలియజేయగలరు. ప్రతి ఉత్తరం సమావేశంలో చదివి వినిపిస్తాను.