నోటీసు బోర్డు మీద రెండో కాగితం

విశాఖపట్నం

యువతీ యువకులారా,

ఉద్యోగ జీవితమంతా విశ్వవిద్యాలయ కార్యాలయంలో, అందులోనూ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో గడిపి రిటైరైనవాణ్ణి. నియామకాల ఫైళ్లు, సర్వీసు రిజిస్టర్లు, రోస్టరు పట్టికలు నా చేతుల మీదుగా నడిచాయి. ఆఫీసు అయ్యాక క్యాంపస్‌లో ఎక్కడ సభ జరిగితే అక్కడికి వెళ్లి కూర్చోవడం అలవాటు. అది ఇప్పటికీ పోలేదు. కొన్నాళ్లుగా అక్కడ చూస్తున్నది మనసుకు కష్టంగా ఉంది. మీతో చెప్పుకోవాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉద్యోగ ప్రకటన పడిందంటే పరిపాలనా భవనం ముందు మీరు గుంపులుగా కనిపిస్తారు. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, పాడేరు నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వస్తారు. నోటీసు బోర్డు మీది కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంటారు. దాని పక్కనే ఇంకో కాగితం అంటించి ఉంటుంది. ఫలానా సాయంత్రం స్మారకోపన్యాసం, ఫలానా హాల్లో నాటకం, అందరూ ఆహ్వానితులే అని. దాన్ని చదివేవాళ్లు అరుదు. సాయంత్రం వెళ్లి చూస్తే ముందు వరసల్లో మా ఈడు వాళ్లం, చివరి వరసల్లో మాస్టార్ల మాట కాదనలేక వచ్చిన విద్యార్థులు, మధ్యలో వరసలకు వరసలు ఖాళీ కుర్చీలు. మీరు కూర్చోవలసిన కుర్చీలవి.

మొదటి కాగితం బతుకుతెరువు, రెండోది కాలక్షేపం అని మీ లెక్క. నా లెక్క వేరు. ఆ రెండూ ఒకే ఇంటి సంగతులు. ఆ ఇంట్లో మనుషుల్ని సరిగా తీసుకుంటేనే సాయంత్రం సభ కళకళలాడుతుంది. సభకు జనం వస్తేనే ఆ మనుషుల అవసరం ప్రభుత్వానికి కనబడుతుంది.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే తీసుకోండి. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో మొదలైంది, 1930లో వాల్తేరు చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు 'కవిత్వతత్త్వ విచారము' రాసిన విమర్శకుడు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ పదవికి రాజీనామా ఇచ్చిన మనిషి. ఆయన తరవాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వచ్చారు. ఆయన హయాంలో హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటివాళ్లు బెంగాల్ నుంచి వచ్చి వాల్తేరులో పాఠాలు చెప్పారు. అప్పటికి వాళ్లకు ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. తరవాతి కాలంలో ఒకరు కేంద్రమంత్రి అయ్యారు, ఇంకొకరు పార్లమెంటులో గొప్ప వక్తగా పేరు తెచ్చుకున్నారు. మాబోటి గుమాస్తాలకు నియామకమంటే ఫైలు. ఆ పెద్దవాళ్లకు మాత్రం, రాబోయే పాతికేళ్లు ఈ ఊరు ఎవరి మాటలు వినాలో తేల్చుకునే పని.

ఆ విశ్వవిద్యాలయంలోనే గ్రంథాలయాన్ని నడిపినవారు అబ్బూరి రామకృష్ణారావుగారు. కవి, నాటకాల మనిషి. నియామక ప్రకటన మీద సంతకం పెట్టే కుర్చీ రిజిస్ట్రారుది. ఆ కుర్చీలో కూర్చున్న కూర్మా వేణుగోపాలస్వామిగారికి నాటకమంటే ప్రాణం. కళాశాలల మధ్య నాటక పోటీలు పెట్టించి కుర్రకారును రంగస్థలం ఎక్కించారు. పగలు సర్వీసు నిబంధనలు చూసే కార్యాలయమే సాయంత్రం తెర ఎత్తించేది. ఈ రెంటికీ మధ్య గోడ ఆ తరానికి తెలియదు. మధ్యలో ఎవరు కట్టారో గానీ అది మన తరంలో లేచింది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గిడుగు రామమూర్తిగారిని కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, సవర భాష నేర్చుకుని, వాడుక భాష కోసం పండితులందరితో తలపడ్డ మనిషి ఆయన. తరవాత 1970లో గుర్రం జాషువాగారికి అదే బిరుదు దక్కింది. విశ్వవిద్యాలయం తన గేటు బయట ఉన్న విద్వత్తును లోపలికి పిలిచి పీట వేసిన సందర్భాలివి. ఇలాంటి బిరుదులిచ్చే స్నాతకోత్సవమంటే పట్టాలు తీసుకునే వాళ్ల పండగని మీరు అనుకుంటారు గానీ, అది ఊరి పండగ కూడా.

ఇక మొదటి కాగితం దగ్గరికి వస్తాను. మీకు కావలసింది అదేనని నాకు తెలుసు. కాదనను. ముప్పయ్యేళ్లు వచ్చేదాకా ఇంట్లో డబ్బు అడుక్కోవడం ఎంత నరకమో మీ వయసులో నేనూ ఎరుగుదును.

ప్రకటన చూడగానే ముందు అది ఏ రకం పోస్టో తేల్చుకోండి. రెగ్యులర్ పోస్టు వేరు. కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీ, అవుట్‌సోర్సింగ్ వేరు. ప్రాజెక్టు పోస్టు మరీ వేరు. అది ఆ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటుంది. కానీ ప్రాజెక్టు పోస్టును చిన్నచూపు చూడకండి. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ చేసుకోవడానికి దారి కూడా దొరుకుతుంది. ఇలాంటివి చాలావరకు వాక్-ఇన్ ఇంటర్వ్యూలతో నిండిపోతాయి. సైన్సు పిల్లలు వీటి మీద ఒక కన్నేసి ఉంచాలి.

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీజీలో 55 శాతం మార్కులుండాలి. రిజర్వుడు వర్గాలకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు. నెట్ గానీ సెట్ గానీ, అవి లేకపోతే యూజీసీ నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ గానీ ఉండాలి. పీహెచ్‌డీ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2023లో తీసేసింది. మన రాష్ట్రానికి సెట్ నిర్వహించేది ఆంధ్ర విశ్వవిద్యాలయమే, తెలంగాణలో ఉస్మానియా. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. దరఖాస్తు నింపేటప్పుడు రోస్టరు పాయింటు చదవండి. ఆ సబ్జెక్టులో ఆ పోస్టు ఏ వర్గానికి కేటాయించారో చూసుకోకుండా డబ్బు కట్టేసి తరవాత లబోదిబోమన్న పిల్లల్ని చాలామందిని చూశాను. స్క్రూటినీలో పక్కన పెట్టిన దరఖాస్తులన్నీ తెలివితక్కువ వాళ్లవి అనుకోకండి. నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ తేదీ దాటిపోవడం, అనుభవ పత్రం మీద రిజిస్ట్రారు సంతకం లేకపోవడం, పుట్టిన తేదీ ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉండడం. బంగారంలాంటి పిల్లల దరఖాస్తులు వీటి వల్లే బుట్టదాఖలయ్యాయి.

ఇక్కడ చాలామంది కోచింగ్ మాస్టార్లు చెప్పని సంగతొకటి ఉంది. సంగీతం, నృత్యం, నాటకం వంటి శాఖల్లో అధ్యాపకుడు కావడానికి యూజీసీ 2018 నిబంధనలు రెండో దారి తెరిచి ఉంచాయి. పేరున్న గురువుల దగ్గర నేర్చుకుని, ఆకాశవాణిలోనో దూరదర్శన్‌లోనో ఏ గ్రేడు కళాకారుడిగా నిలిచి, పాఠాన్ని తర్కబద్ధంగా వివరించి చెప్పగలిగే డిగ్రీ చదివిన సంగీత, నృత్య కళాకారులు దరఖాస్తు చేసుకోవచ్చు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వంటి సంస్థలో శిక్షణ పొంది, రంగస్థలం మీద అయిదేళ్ల గుర్తింపు సాధించిన నటులకూ అలాంటి వీలుంది. 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అనే పద్ధతి కూడా వచ్చింది. తమ రంగంలో పదిహేనేళ్లు పని చేసినవాళ్లను డిగ్రీలతో నిమిత్తం లేకుండా కొంతకాలానికి తీసుకోవచ్చు. మీ ఊళ్లో తప్పెటగుళ్ల బృందాన్ని నడిపే మేనమామకో, హరికథ చెప్పే పెద్దమ్మకో ఈ మాట చేరవేయండి. తమకు ఆ గేటులో చోటుంటుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఖాళీల సంగతికి వస్తే నాకు కోపం వస్తుంది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. పోస్టుల హేతుబద్ధీకరణ మీద గొడవ, రోస్టరు మీద గొడవ, కోర్టు కేసులు, మారిన ప్రభుత్వాలు. ఎవరి కారణం వాళ్లకుంది. ఈలోగా పాఠాలు చెప్పినవాళ్లు రిటైరైపోయారు. పదిమంది ఉండవలసిన శాఖను ఇద్దరు ముగ్గురు నడుపుతుంటారు, మిగతా క్లాసులు గెస్ట్ ఫ్యాకల్టీ. పీరియడ్ల లెక్కన జీతం తీసుకునే గెస్టు మాస్టారు సాయంత్రం ఉండి విద్యార్థులతో నాటకం వేయిస్తాడా? మూడు నెలలు ముందుగా ఒక పెద్ద పండితుణ్ణి ఉపన్యాసానికి ఒప్పిస్తాడా? వచ్చే సెమిస్టరుకు తాను ఉంటాడో లేదో ఆయనకే తెలియదు.

ఆమధ్య వేరే ఊళ్లో ఒక విశ్వవిద్యాలయ నాటక విభాగంలో రిహార్సలు చూశాను. కన్యాశుల్కం. మధురవాణి ఇంటి సీను. నేల మీద సుద్దముక్కతో గది గీశారు. మంచానికి బదులు క్లాసురూము బెంచీ. గిరీశం వేసిన అబ్బాయి పూటకూళ్లమ్మ వస్తోందని బెంచీ కిందకి దూరాడు. మాస్టారు ఆపించారు. 'నువ్వు భయపడి దాక్కున్నావు, బాగానే ఉంది. కానీ ఆ భయం జనానికి కనబడాలి కదా, మొహం ఇటు తిప్పు' అన్నారు. అబ్బాయి మొహం తిప్పాడు. మొహం మీద వెలుగు పడలేదు. నిచ్చెన మీదున్న ఒక నడివయసు మనిషి స్పాట్‌లైటును గుడ్డతో పట్టుకుని మెల్లగా వంచాడు. వెలుగు సరిగ్గా అబ్బాయి కళ్ల మీద ఆగింది. అక్కడున్నవాళ్లందరూ ఒక్కసారి నవ్వేశారు, సీను పండింది. తరవాత టీ తాగుతూ ఆ నిచ్చెన మనిషితో మాట్లాడాను. ఆయన ఆ హాల్లో దీపాలు సర్దుతూ తల నెరిపించుకున్నాడు. రెగ్యులర్ కాలేదు. ఎన్‌ఎంఆర్ కింద, అంటే రోజుకూలీ లెక్కన చేరి అక్కడే ఉండిపోయాడు. ఆయన పని నేర్చుకుంటున్నవాళ్లు ఎవరూ లేరు. ఆయన దిగిపోయిన నాడు ఆ స్పాట్‌లైటు ఎటు తిప్పాలో ఎవరికీ తెలియదు. అలాంటి ఒక్క పోస్టు నింపితే ఒక కుటుంబం నిలబడుతుంది, ఒక రంగస్థలం నిలబడుతుంది. అందుకే ఆ రెండు కాగితాలు ఒకే ఇంటివి అన్నాను.

ఖాళీలు నింపని చోట దళారులు నిండుతారు. ఇది కూడా చెప్పక తప్పదు. రిటైరయ్యాక ఒకసారి మా వీధి కుర్రాడు, వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చారు. ఒక విశ్వవిద్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా నియమించినట్టు ప్రొసీడింగ్స్ కాగితం చేతిలో ఉంది. సీలుంది, సంతకముంది. పైన 'రెఫరెన్స్' అని ఉండవలసిన చోట ఏమీ లేదు. అసలైన నియామక ఉత్తర్వులో ఆ చోటు ఖాళీగా ఉండదు నాయనా. ప్రకటన నంబరు, తేదీ, ఎంపిక కమిటీ సమావేశం తేదీ, పాలకమండలి ఆమోదం వరసగా ఉంటాయి. ఆ కాగితం వెల రెండెకరాల జీడిమామిడి తోట. నేనేం చెబుతున్నానో అర్థం కాగానే తండ్రి అరుగు మీద కూలబడిపోయాడు. పోలీసు స్టేషనుకు నేనే వెంట వెళ్లాను. డబ్బు తిరిగి రాలేదు. ప్రకటన లేకుండా, దరఖాస్తు లేకుండా, వరసలో నిలబడకుండా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఇప్పిస్తానన్నవాడు ఎంత దగ్గరి చుట్టమైనా సరే, వాణ్ణి గడప దాటనివ్వకండి.

సాయంత్రం సభకు రండి అంటే, ఇంగ్లీషులో మాట్లాడతారేమో, అర్థం కాదేమో, మమ్మల్ని ఎవరు రమ్మన్నారు అని మీరు జంకుతారు. రమ్మని పిలవడానికే ఆ కాగితం అంటించారు. చాలా సభలకు టికెట్టుండదు. హాలు నిండా మీరే ఉంటే ఉపన్యాసకుడు తెలుగులోకి దిగుతాడు, అది నేను కళ్లారా చూసిందే. చివర్లో ప్రశ్నలకు సమయమిస్తారు. లేచి మీ పేరు, ఊరు చెప్పి అడగండి. ఏజెన్సీ నుంచి వచ్చిన అమ్మాయి లేచి గిడుగు సవర వ్యాకరణం మీద ఒక ప్రశ్న వేస్తే, ఆ సాయంత్రం మొత్తం దాని మీదే నడుస్తుంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయ క్యాంపస్ కట్టింది జయపురం మహారాజా విక్రమదేవ వర్మ వంటి దాతల విరాళాలతో, ఆ తరవాత మీ తాతల, తండ్రుల పన్నులతో. మీరక్కడ అతిథులు కారు, హక్కుదారులు.

కోచింగ్ రోజుల్లో సాయంత్రం వృథా అవుతుందని ఇంట్లోవాళ్లు అనవచ్చు. వారానికి ఒక సాయంత్రం. అంతకన్నా నేను అడగడం లేదు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ సాయంత్రాలు మీతోనే ఉంటాయి. వస్తే మాత్రం, రేపు ఆ సభలను నిర్వహించవలసింది మీరే.

ఇంకో పని కూడా మీ మీద పెడుతున్నాను. సమాచార హక్కు చట్టం 2005 నుంచి అమల్లో ఉంది. తెల్లకాగితం మీద దరఖాస్తు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. మీకు దగ్గరలో ఉన్న విశ్వవిద్యాలయం పౌర సమాచార అధికారికి రాయండి. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఖాళీలెన్ని, ఏ శాఖలో ఎన్ని, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏటా ఎంత ఖర్చు పెట్టారు అని అడగండి. బోధన పోస్టులే కాదు, గ్రంథాలయం, రంగస్థలం, మ్యూజియం, ప్రయోగశాల సాంకేతిక పోస్టులు కూడా విడివిడిగా అడగండి. వచ్చిన జవాబును మీ ఎమ్మెల్యే దగ్గరికి, పత్రికల దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్కరు అడిగితే కాగితంగా మిగిలిపోతుంది. జిల్లాకు వందమంది అడిగితే ఫైలు కదులుతుంది. కదలక తప్పదు, ఆ ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి కనుక చెబుతున్నాను.

ఈ నెలలోనే రాయండి. రాసిన రోజు సాయంత్రం సభ ఉంటే, అటే హాలుకు వచ్చేయండి.

ఇట్లు,
మీ క్షేమం కోరే పెద్ద