పక్క ఊరి ఎంబీయే

"ఆడపిల్లకు అంత పెద్ద ఎంబీయే ఎందుకమ్మా? దగ్గర్లో ఏదో కాలేజీ చాలదా?" జనగామలో వినండి, మహబూబాబాదులో వినండి, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో వినండి, ఇదే మాట. అనేది మగవాళ్లనుకునేరు, ఎక్కువగా మనమే!

కొడుకైతే హైదరాబాదులో కోచింగు, హాస్టలు. కూతురైతే ఐసెట్ రాయించి, సాయంత్రానికి బస్సులో ఇల్లు చేరే కాలేజీలో చేర్పిస్తాం. ఐసెట్ తక్కువదని కాదు. పిల్లను అడక్కుండా అక్కడే గీత గీస్తున్నామే, అదీ నా కోపం.

ఐఐఎంల కోసం రాసే క్యాట్‌కు ఏ డిగ్రీ అయినా సరే, 50 శాతం మార్కులుంటే చాలు. చివరి ఏడాదిలో ఉన్నా రాయొచ్చు. వయసు పరిమితి లేదు. 2025లో రుసుము 2,600 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు అందులో సగం. మగ్గం వర్కు జాకెట్టుకు అంతకన్నా ఎక్కువే పోస్తున్నాం లెండి! రెండు గంటల పరీక్ష, వరంగల్లోనే రాయొచ్చు.

చదువుకు లక్షలవుతాయంటారా? నిజమే. సీటొస్తే బ్యాంకు అప్పిస్తుంది. కట్నానికని అడిగి చూడండి, ఇస్తుందేమో!

అసలు విడ్డూరం వినండి. క్లాసుల్లో అమ్మాయిలు తక్కువున్నారని కొన్ని ఐఐఎంలు ఎంపికలో వాళ్లకు మార్కులు కలుపుతున్నాయి. "ఒక్కతే అంత దూరం ఎట్ల పోతది?" అంటూ ఆ మార్కులు మనం ఇంట్లోనే తీసేస్తున్నాం. అదే పిల్లను పెళ్లి చేసి డల్లాసు పంపేటప్పుడు ఎవరికీ దూరం గుర్తు రాదు. విశాఖపట్నంలో 2015 నుంచీ ఐఐఎం ఉంది. వరంగల్లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు.